మూతి చక్కబడింది గానీ

మొన్న పొద్దున నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పక్క నుంచి జారి బనియను తడిపేశాయి. ముఖానికి పక్షవాతం వచ్చిందేమోనని అద్దం ముందుకు పరుగెత్తి, కనుబొమలు ఎగరేసి, బుగ్గలు ఉబ్బించి చూసుకుంటే చివరికి తేలిందేమిటంటే, తప్పంతా కొత్త పళ్ల సెట్టుది. ఇంట్లోవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ రోజంతా, ఒకప్పుడు హైదరాబాదు పాతబస్తీ శాలిబండలో మేము అద్దెకున్న ఇంటి ఓనరమ్మ, అందరం ఖాలా అని పిలిచే ఆవిడ కొడుకే మనసులో మెదిలాడు.

అప్పుడు నాకు పాతికేళ్లు. ఆక్యుపంక్చరు, నరాల మర్దన నేర్చుకుని, ఖాలా ఇంటి మేడగదిలోనే ఒక బల్ల వేసుకుని, నా చేతి మీద నాకు కొండంత నమ్మకంతో ఉండేవాణ్ణి. ఆమె కొడుకు పెళ్లిబట్టల మీద జరీ పని చేసేవాడు. సన్నటి సూదితో కంటికి ఆనని పూసలు కుట్టడంలో మా గల్లీలో అతని తర్వాతే ఎవరైనా. అతని నిఖా ఇంకా నెలన్నర ఉందనగా ఒకరోజు నిద్ర లేచేసరికి కుడివైపు ముఖం జారిపోయి ఉంది. మూతి పక్కకు లాగేసింది, కుడి కన్ను మూతపడటం లేదు. "నిఖా లోపల మూతి సక్కగ జెయ్యి బేటా" అని ఖాలా నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఇంక నాకు ఆ మూతి తప్ప మరేదీ కనబడలేదు. రోజూ చెంపకు, చెవి వెనక సూదులు, తర్వాత పెదవి మూల నుంచి పైకి వేళ్లతో మర్దన. వారం పోయాక అతను "కంట్ల ఉస్కె వడ్డట్టు గుచ్చుతుందన్నా" అని, నిజంగానే ఇసుక పడినవాడిలా కన్ను నులుముకున్నాడు. నొప్పి తెలిసిందంటే నరం మేలుకుంటున్నట్టే అని మా గురువుగారు నేర్పిన మాట నాకు వేదవాక్కు. "మంచి గుర్తే తమ్మీ, ఫికర్ జెయ్యకు" అని భుజం తట్టి పంపాను. అతను మళ్లీ రెండుసార్లు చెప్పాడు, నేను మళ్లీ అదే జవాబిచ్చాను. పగలంతా కార్ఖానాలో ఫ్యాను గాలికి, దుమ్ముకి తెరుచుకునే ఉన్న ఆ కన్ను ఎండిపోతోందని, చుక్కల మందు వేయించి, పట్టీతో మూయించి, కంటి డాక్టరు దగ్గరకు పంపాలని నాకు తట్టనే లేదు. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ చూసి ఆసుపత్రికి పరుగెత్తేసరికి పుండు లోతుకు దిగిపోయి ఆ కంటి చూపు పోయింది.

నిఖా నాటికి మూతి చక్కబడింది. ఖాలా నన్ను పెళ్లికొడుకు పక్కనే కూర్చోబెట్టి, వచ్చినవాళ్లందరికీ నా హస్తవాసి గురించి చెప్పింది. నాకు అన్నం సహించలేదు. ఆ తర్వాత అతను ఒంటి కన్నుతో సూది పట్టలేక కార్ఖానా మానేసి, బట్టల కొట్టులో తానులు మడతపెట్టే పనికి కుదిరాడు. ఎదురుపడితే నిండుగా నవ్వి సలాం చేసేవాడు. ఆ నవ్వు చూడలేక నేను గల్లీ మార్చుకుని నడిచేవాణ్ణి.

ఇప్పుడు ఇదే విద్య నేర్చుకున్న పిల్లలు, ముఖం వంకర పోయినవాళ్లు రాగానే ముందు కన్నే చూస్తారు, డాక్టరు చీటీ లేనిదే సూది తీయరు. మన కాలంలో ఇవన్నీ ఎవరికి తెలుసులే అని నా ఈడువాళ్లు నన్ను ఓదారుస్తారు. నాకు తెలియకపోవడం నిజమే. కానీ ఆ కుర్రవాడు మూడుసార్లు చెప్పాడు.