వానల తర్వాత ఓక్లహోమా మైదానంలో ఇటుకరంగు దూడ

మార్చి నుంచి మా ఇంట్లో కెమెరా బ్యాగు జిప్పు తీసినవాళ్లు లేరు. అయిదో నెలలో మా బిడ్డ కడుపులోనే పోయాక, సింధు దాన్ని క్లోజెట్‌లో చలికోట్ల వెనక్కి తోసేసింది. పిట్టలనీ జింకలనీ చెప్పి మేముండే బెంటన్‌విల్ చుట్టుపక్కలంతా తిప్పుతూ, శనివారం నన్ను నిద్రపోనివ్వని మనిషి, ఇప్పుడు తనే శనివారమంతా పడుకుంటోంది. భర్తనే గానీ ఏం మాట్లాడాలో నాకు చేతకాలేదు. ఆగస్టులో వానలు కురిసి వెలవగానే, ఓక్లహోమా గడ్డిమైదానం పచ్చగా ఉంటుంది, బైసన్లు, అంటే ఇక్కడి అడవిదున్నలు, మందలుగా బాగా కనిపిస్తాయి, వెళ్దామా అన్నాను. కాదనలేదు, అవుననలేదు. కెమెరా నేనే తీసుకెళ్లి కార్లో పెట్టాను.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, తుల్సా మీదుగా పాహస్కా అనే చిన్న ఊరికి మూడు గంటల్లో చేరాం. రానూపోనూ గ్యాస్, అదే పెట్రోలు, టోల్ కలిపి యాభై డాలర్లు దాటలేదు. మైదానంలోకి టికెట్ లేదు, లోపల తిండీ దొరకదు కాబట్టి పులిహోర డబ్బా కట్టుకున్నాం. దారిలో మా పాత తగువు మళ్లీ మొదలైంది. గుంటూరువాణ్ణి, బైసన్లని నేను గేదెలంటాను. కరీంనగర్ పిల్ల, తను బర్రెలంటుంది. “సరే, బర్రెలే. దిగి పాలు పితుకు, టీ పెట్టుకుందాం,” అన్నాను. చాలా రోజుల తర్వాత చిన్నగా నవ్వింది.

పాహస్కా గ్యాస్ స్టేషన్‌లో బన్నుల్లాంటి ఇక్కడి బిస్కెట్లూ గుడ్లూ వేడివేడిగా చేసి పెట్టే ఒక పెద్దావిడ ఉంది. సింధు భుజానికి నేను తగిలించిన కెమెరా చూసి, “దారి రెండుగా చీలిన చోట కుడికి వెళ్లు హనీ. వాన నీళ్లు నిలిచిన గుంటల దగ్గర మంద ఉంది. లేటుగా పుట్టిన దూడ కూడా ఉందమ్మా, ఇంకా ఎర్రగానే ఉంది. అది చూడకుండా వెళ్లకండి!” అంది. సింధు థాంక్యూ చెప్పింది. దూడలు వసంతంలోనే పుడతాయని, ఈపాటికి పెద్దవై నల్లబడిపోతాయని ఇంటర్నెట్‌లో చదివాకే నేను ధైర్యం చేశాను. కొమ్ములతో కుమ్ముకునే మగవాటిని చూపించి తీసుకొచ్చేద్దామనుకున్నాను. పసిదాన్ని చూస్తే ఈమె ఏమైపోతుందో?

దారి చీలిన చోట చప్పుడు చేయకుండా ఎడమకి తిప్పాను.

“ఆమె కుడికి పొమ్మన్నది గదా?” అంది సింధు.

“అటు బురదగా ఉంటుందేమో. కారు దిగబడితే కష్టం.”

“ఇటు లేదా బురద?” నా వైపు తిరిగింది. “టీవీల డైపర్ యాడ్ వస్తే చానల్ మారుస్తవ్. కాస్ట్‌కో దుకాణంల పిల్లల బట్టలు కనబడకుండ చుట్టు తిప్పి తీస్కపోతవ్. నాకు తెల్వదనుకున్నవా?”

“నువ్వు ఏడుస్తావని...”

“ఏడుస్త. ఏడ్వనియ్ నన్ను. కారు తిప్పు.”

తిప్పాను. కంకర రోడ్డు మెత్తబడి టైర్లు జారుతున్నాయి. రెండు మైళ్లు వెళ్లామో లేదో మంద కనబడింది. పెద్దవి బురద గుంటల్లో పొర్లి లేస్తున్నాయి, నడుముల దాకా పచ్చగడ్డి. ఇక్కడ కారు దిగకూడదు, కాబట్టి దూరంగానే ఆపి ఇంజన్ కట్టేశాను. ఇంటి నుంచి తెచ్చిన చిన్న బియ్యం మూట కిటికీ అంచు మీద పెట్టాను, దాని మీద లెన్సు ఆనించాలి. సింధు కెమెరా ముట్టుకోలేదు. అంతలో ఒక ఆడబైసన్ గడ్డిలోంచి రోడ్డు పక్కకి వచ్చింది. దాని వెనకే ఇటుకరంగు దూడ. తల్లి ఆగగానే పొదుగులో మూతి దూర్చి, కుమ్మి కుమ్మి తాగడం మొదలుపెట్టింది.

సింధు ఏడ్చింది. నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను, నాకూ కళ్లు నిండిపోయాయి. కాసేపటికి తను ముక్కు తుడుచుకుని, “మూట జర ఇటు జరుపు,” అంది. జరిపాను. లెన్సు ఆనించి ఊపిరి బిగబట్టి తీసింది. తీస్తూనే ఉంది. దూడ కడుపు నిండి, మూతికి పాల నురగతో మా వైపు తిరిగి చూసింది. అప్పుడు సింధు కెమెరా ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని వైపు చాపి, కణతలకి ఆనించి మెటికలు విరిచింది. మార్చి నుంచి ఆ చేతుల్ని అలా ఎవరి వైపూ చాపలేదు.

మరిచిపోయేలా చేయడమే ఓదార్చడం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆమెకి కావలసింది పక్కన కూర్చునే మనిషని, ఎడమకి తిప్పి మళ్లీ వెనక్కి తిప్పుకున్నాక గానీ నాకు తెలిసిరాలేదు. వెళ్లేవాళ్లకి నా సలహా ఒకటే: ట్రైపాడ్ మోయకండి, పాత దిండుగలీబులో కాసిన్ని బియ్యం పోసి మూతి కట్టి పట్టుకెళ్లండి, లెన్సు కదలదు. మా మూట ఇంకా కార్లోనే ఉంది. తిరిగి బియ్యం డబ్బాలో పోయబోతే సింధు ఒప్పుకోలేదు, మళ్లీ వెళ్లాలట. ఇంత చెప్పి దూడ ఫోటో ఒక్కటీ పెట్టలేదేమని మీరు అడుగుతారు. నేనూ అడిగాను.

“పసిగుడ్డు. దిష్టి తగుల్తది,” అంది. “జర పెద్దగయినంక పెడదాం.”