ఇన్‌క్యుబేటర్లో పెరుగు

నాకు చెయ్యి దురుసు. చిన్నప్పుడు మా వీధిలో నాతో దెబ్బలు తినని పిల్లోడు లేడు. అట్లాంటి చెయ్యిని బెంగళూరులో ఒక ఆసుపత్రి లేబొరేటరీలో టైఫాయిడ్ సూక్ష్మజీవుల్ని పెంచే పనికి పెట్టినారు. అరవైల మొదట్లో మాట.

ఒక పొద్దున డాక్టరమ్మ నన్ను అందరి ముందరా తిట్టింది. ఆ కోపమంతా చేతిలో ఉండే టైఫాయిడ్ నీళ్ళ గాజు ట్యూబు మీద చూపించి, స్టాండులోకి దబీమని దించినా. అడుగు సన్నగా చిట్లింది. చిట్లిన ట్యూబును అప్పుడే పారేసి, ఆమెకు చెప్పాల. మళ్ళా ఎవరు తిట్లు తింటారని, అట్లే ఇన్‌క్యుబేటర్లో జల్లెడ మాదిరి కంతలుండే పై అరలో పెట్టేసినా. మన ఒంటి వేడి ఎంతో అంత వెచ్చగా ఎప్పుడూ ఉండే పెట్టె అది.

మరుసటి పొద్దున చూస్తే ట్యూబు ఖాళీ. కింది అరలో గిన్నె పెట్టిన గుండ్రటి మరక, దాని చుట్టూ ఎండిన చుక్కలు. ట్యూబు తీసి దాచినానో లేదో, నాతో పనిచేసే మా కోలారు తట్టువాడు పాల గిన్నెతో వచ్చి సరిగ్గా ఆ మరక మీదే పెట్టబోయినాడు. చలికి ఇంట్లో పెరుగు తోడుకోదంట, వారంగా ఇక్కడే తోడేస్తా ఉండాడంట. నిన్నటిది ఏమైందని అడిగినా. బిడ్డ తినిందన్నాడు, నవ్వుతా.

కొట్టినా. గిన్నె గోడకేసి విసిరినా. కింద పడినోణ్ణి కాలితో తన్నినా. సూక్ష్మజీవుల పెట్టెలో కూడు పెడతావా, నీకు బుద్ధి ఉండాదా అని అరిచినా. నలుగురు పట్టుకుని లాగినారు. తప్పు తనదే అనుకుని వాడు చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు.

ఇంట్లో మిగిలిన పెరుగు తెప్పించి వాడే పరీక్ష పెట్టినాడు. వాచిన మొహంతో తీగను ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, పెరుగులో ముంచి, సూక్ష్మజీవుల మేత పోసిన ప్లేటు మీద గీతలు గీసినాడు. ప్రతి మలుపులో మళ్ళా కాల్చినాడు. అట్లా చేస్తేనే చివరి గీతలో సూక్ష్మజీవులు వేటికవి విడివిడిగా మొలుస్తాయి. రెండు దినాలకు ఆ చివరి గీతలో రంగులేని చుక్కలు లేచినాయి. టైఫాయిడే. పెరుగులోకి అది ఎట్ల వచ్చిందని డాక్టరమ్మ అడిగితే, వీడు పెట్టేటప్పుడో తీసేటప్పుడో గిన్నె తగిలి పై అరలో ట్యూబు ఒరిగుంటుందని చెప్పినా. నా నోరు పడిపోనూ!

పది దినాలకు నాలుగేండ్ల బిడ్డకు జ్వరం పట్టుకుంది. మందులు పడినాయి, బతికింది. చెవులు పోయినాయి.

వాడు తిరిగి పనికొచ్చిన దినం నా ఎదురుగా నిలబడి, ఆ పొద్దున నువ్వు కొట్టింది చాల్లేదప్పా అన్నాడు. ఇంక నా వల్ల కాలేదు. చిట్లిన ట్యూబు సంగతంతా చెప్పేసినా.

ఇనప స్టాండు తీసి మొహాన కొట్టినాడు. రెండు పండ్లు ఊడినాయి. ఇంకో దెబ్బకు చెవి పగిలింది. ఈ తూరి నేనూ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆయాసపడతా స్టాండు కింద పడేసినాడు.

"మా ఇంటికి రా అప్పా. బిడ్డ ఆడుకుంటా ఉంటాది. వెనకనుంచి ఒక్క తూరి పేరు పెట్టి పిలువు."

నేను పోలేదు.