పిట్టకు కొన్న బొక్కలు

“ఎవరికోసం కొన్నవక్కా ఇవి?”

“మొన్న సచ్చిన నా మొగనికి. ఇయ్యాల పిట్టకు పెట్టాలె.”

“అయితే నన్నే పిట్ట అనుకో!” అని నవ్వి, చేతిలోని బొక్క చీకుతూనే రైలెక్కాడు.

వరంగల్ స్టేషన్ ముసాఫిర్‌ఖానాలో నేను నీళ్లకు పోయి వచ్చేసరికి, ఆ ముక్కూమొహం తెలియని మనిషి నా మూట విప్పి, నిప్పుల మీద కాల్చిన మేక పక్కబొక్కలన్నీ తినేశాడు. రంగూన్‌లో ఉన్నన్నాళ్లూ హోటల్ హోటల్ తిరిగినా ఇంత రుచి దొరకలేదట. మా ఆయనకూ ఆ బొక్కలంటేనే ప్రాణం.

మా ఊరు హసన్‌పర్తిలో పిట్టకు వట్టి అన్నమే పెట్టాం. కాకి ముట్టలేదు. “నా కొడుక్కు నీ మీద కోపం పోలె, అందుకే ముడుతలేడు” అంది మా అత్త, అందరి ముందూ. ఆమె చచ్చేదాకా అదే మాట.

ఆ రంగూన్ వాడు మాత్రం కడుపునిండా తిన్నాడు. నేను చెప్పిందంతా రాశావా, మనుమరాలా? వాడు నవ్విన కాడి నుంచి ఒకసారి చదువు, వింటాను.