మూలం అడగని వార్డు

కాన్పుల వార్డులో ఆ నర్సును అందరూ మొండిఘటం అనేవారు. ఆ పేరంటే ఆమెకు ఇష్టమే.

ఆమె పుట్టిన దేశంలో జనాభా లెక్కలవాళ్లు ఇంటికొచ్చి, మీ మూలం ఏ దేశమని అడిగేవారు. ఆమె తాత వలస వచ్చినవాడు. "నేను ఈ వీధిలోనే పుట్టాను, అదే రాసుకోండి" అందామె ఒకసారి. వచ్చినతను ఆమెను ఎగాదిగా చూసి, తనకు తోచిన జాతి రాసుకుపోయాడు. ఆ మంట చాన్నాళ్లు చల్లారలేదు.

పెళ్లయ్యాక వచ్చిన దేశంలో ఆ బెడద లేదు. ఇక్కడ మూలం అడిగే అలవాటే లేదు. హమ్మయ్య అనుకుంది.

ఒక కాన్పుతో ఆ నిశ్చింత పోయింది. హోటల్లో గదులు తుడిచే వలస పిల్ల, కాన్పయ్యాక రక్తం ఆగట్లేదని మొత్తుకుంటుంటే, డ్యూటీ డాక్టరు "వీళ్లింతే, గోరంతకు కొండంత అరుస్తారు" అంటూ వెళ్లిపోయాడు. నర్సు పరుగున వెళ్లి పెద్ద డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. ప్రాణం దక్కింది. గర్భసంచి దక్కలేదు.

మర్నాడు డాక్టరమ్మ గదిలో నిలబడి, "వలస ఆడవాళ్లు మొరపెట్టుకుంటే ఇక్కడ ఎవరూ వినట్లేదండీ" అంది.

"ఆధారమేదీ? మనం అందర్నీ ఒకేలా చూస్తాం. అందుకే మూలం రాయం."

"రాయకపోతే, ఒకేలా చూస్తున్నామని మీకు మాత్రం ఎలా తెలుసు?"

ఇంట్లో భర్త నవ్వాడు. "అక్కడ అడిగారని పోట్లాడావు. ఇక్కడ అడగట్లేదని పోట్లాడుతున్నావు. నీతో వేగేదెలాగే?"

"అక్కడ వాడు నా మొహం చూసి రాసుకున్నాడు. ఇక్కడ కాన్పుకొచ్చినామెనే తన మూలం చెప్పమంటున్నా. ఇష్టం లేకపోతే మానేస్తుంది. రెండూ ఒకటేనా?"

కోలుకున్న ఆ పిల్లను వెంటబెట్టుకుని ఆసుపత్రి పాలకమండలి సమావేశానికి వెళ్లింది. బయట కూర్చోమంటే ఇద్దరూ కదల్లేదు. ఆ పిల్ల తనకు జరిగింది చెప్పింది. చివరికి పేర్లు రాయకుండా, ఇష్టమైనవాళ్లనే మూలం అడిగి, డాక్టరు ఎంతసేపటికొచ్చాడో కూడా ఒక ఏడాది రాసి చూద్దామన్నారు. ఆ వెంటే నర్సును కంటి వార్డుకు మార్చారు.

"మార్చుకోండి. అడగడం మాత్రం మానకండి" అని ఆమె వెళ్లిపోయింది.

ఏడాది తిరిగేసరికి, వలస తల్లులు డాక్టరు కోసం మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువసేపు ఎదురుచూస్తున్నారని తేలింది. తల్లి రక్తం పోతోందంటే పెద్ద డాక్టరును వెంటనే పిలవాలని అప్పుడు నియమం పెట్టారు.

ఒక రోజు, కాన్పుల వార్డులో మూలం అడిగారని నిండు గర్భిణి ఒకామె కంటి వార్డుకొచ్చి విరుచుకుపడింది. "ఇదంతా నీ పనేనట! మా పుట్టుపూర్వోత్తరాలు మీకెందుకు?"

"చెప్పకమ్మా, అది నీ ఇష్టం" అంది నర్సు. "నొప్పొస్తే మాత్రం నోరు మూసుకోకు."