నాన్నతో పాటు పదో తరగతి

నేను పదో తరగతి చదివిన ఏడాది మా ఖాజాగూడ చుట్టుపక్కల రోజూ మధ్యాహ్నం బండలు పేల్చేవాళ్లు. ముందు ఈల వినిపించేది, ఎవరో ఎర్రగుడ్డ ఊపేవాళ్లు, కాసేపటికి కాళ్ల కింద నేల అదిరేది. మాదాపూర్ వైపు గుండ్రటి పెద్ద బిల్డింగ్ లేచింది. దాని చుట్టూ ఇంకా చాలా కట్టాలని గుట్టలన్నీ చదును చేస్తున్నారు. మా నాన్న అక్కడే ఒక కొత్త బిల్డింగ్ దగ్గర వాచ్‌మన్. రాత్రి డ్యూటీ. అమ్మ ఆ పనుల్లోనే కంకర మోసేది. వాళ్లకు నేనొక్కదాన్నే. బండల మధ్య కాలిబాటలో పక్క ఊరి సర్కారు బడికి నడిచి వెళ్లేదాన్ని.

లెక్కలు నాకు ఎప్పుడూ రాలేదు. తెలుగు వచ్చేది, సోషల్ బాగా వచ్చేది. లెక్కల దగ్గర మాత్రం సార్ బోర్డు మీద ఒక లైను రాసి దాని కింద ఇంకో లైను రాసేసరికి, మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఏం జరిగిందో నాకు తెలిసేది కాదు. చుట్టూ ఉన్న పిల్లలకు అది కనబడుతుంటే నాకొక్కదానికే కనబడనట్టు ఉండేది. తొమ్మిదో తరగతి దాకా ఎవరూ పట్టించుకోలేదు, పై తరగతికి పంపుతూ వచ్చారు. పదిలో క్వార్టర్లీ పరీక్షల తర్వాత లెక్కల సార్ మా నాన్నను పిలిపించారు.

సార్‌ది కోస్తా జిల్లా. మంచి మనిషి. నాన్నను కుర్చీలో కూర్చోమని, ఆయన కూర్చునేదాకా ఆగి మాట్లాడారు.

"చూడండి, అమ్మాయికి శ్రద్ధ లేదనడానికి లేదు. వింటుంది, రాసుకుంటుంది. లెక్క మాత్రం పట్టుబడటం లేదండి. రోజూ ఇంట్లో ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని చేయిస్తే ఏమైనా దారిలో పడుతుందేమో. మీ ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్నారా?"

"నేనే ఉన్న సార్," అన్నాడు నాన్న. "పది దాంక చదివిన. అప్పుడు ఫేలైన. మల్ల కట్టలే."

"అయితే మీరూ ప్రైవేటుగా కట్టేయండి. తండ్రీ కూతుళ్లు కలిసి చదువుకోవచ్చు," అని సార్ నవ్వారు.

సార్ తమాషాకే అన్నారు. నాన్న నవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఆగి, బీడీ కూడా వెలిగించకుండా, "నేను గూడ కడ్త బిడ్డా. ఇద్దరం రాద్దాం. నేనుంటే నీకు భయముండది," అన్నాడు.

అమ్మకు చెబితే ఆమె తలమీది కంకర దుమ్ము దులుపుకుంది. తర్వాత, "దాన్ని చదివియ్యమంటే నువ్వు చదువుతనంటవేంది?" అంది.

"ఒక్కదానికి ఎట్లొస్తది? తోడుంటే వస్తది," అన్నాడు నాన్న.

ఫీజు కట్టే గడువు ఇంకా ఉంది. నాన్న ఎక్కడెక్కడో తిరిగి కట్టి వచ్చాడు.

ఆ చలికాలమంతా మా చదువు ఇంటి వెనక చదునైన బండ మీద సాగింది. నాన్న డ్యూటీ దిగి తెల్లవారగానే వచ్చేవాడు. ముఖం కడుక్కుని, చాయ తాగి, పడుకోకుండా నన్ను పిలిచేవాడు. సార్ ఇచ్చిన సుద్దముక్కలతో ఆ బండ మీదే లెక్కలు చేసేవాళ్లం. నిండిపోతే అమ్మ చెంబుతో నీళ్లు పోసి కడిగేది. సాయంత్రం డ్యూటీకి పోయే ముందు నాన్న బడి గేటు దగ్గర నిలబడి, తనకు తెలియనివి సార్‌ను అడిగి తెలుసుకునేవాడు. పొద్దున అవే నాకు చెప్పేవాడు.

ఆయన చెప్పే పద్ధతి నాకింకా గుర్తుంది. శ్రేఢుల పాఠానికి గులకరాళ్లు ఏరి తెచ్చాడు. ఒక వరుసలో రెండు రాళ్లు, కింది వరుసలో ఐదు, దాని కింద ఎనిమిది పెట్టాడు.

"ఎంతెంత పెరుగుతున్నయి?"

"మూడు."

"దీని కింద ఎన్ని పెట్టాలె?"

"పదకొండు."

"గంతే బిడ్డా. గిదే శ్రేఢి. గింత దానికి పరేషాన్ అవుతున్నవు."

నాకు సంతోషం వేసింది. ఆయన రాళ్లు పక్కకు తోసి అదే లెక్కను అక్షరాలతో సుద్దతో రాశాడు. అంతే, నా చేతిలోంచి జారిపోయింది. ఆయన మళ్లీ రాళ్లు పేర్చాడు. మళ్లీ అర్థమైంది. మళ్లీ అక్షరాలు రాశాడు. ఎన్నిసార్లు చేశామో లెక్కలేదు. ఎండెక్కి బండ కాలేదాకా కూర్చున్నాం. ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. ఏడ్చి ఊరుకునేదాన్ని.

పుస్తకం చివర కంప్యూటర్ గురించి ఒక పాఠం ఉండేది. డబ్బాలు గీసి, వాటిని బాణాలతో కలపడం. అది మాత్రం గీయగలిగేదాన్ని. బొమ్మే కదా. నాన్నకు ఆ పాఠం మీద ఎంతో గురి. "మా బిల్డింగ్‌ల గివే వెడ్తరంట, అంతస్తుకిన్ని," అనేవాడు. కంప్యూటర్‌ను ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

చెప్పడానికని చదివి చదివి ఆయనకు లెక్కలు వచ్చేశాయి. అది ముందు నేనే గమనించాను. మొదట్లో ఒక లెక్కకు బండ సగం నిండేది, కొట్టివేతలు ఉండేవి. రాను రాను నాలుగు లైన్లలో తేల్చేసేవాడు. కళ్లు ఎర్రగా ఉన్నా ముఖంలో వయసు తగ్గినట్టు ఉండేది. ఒకరోజు త్రికోణమితి లెక్క ఒకటి దానంతటదే తేలినట్టు తేలిపోతే, తనలో తనే నవ్వుకున్నాడు. నేను చూస్తున్నానని తెలిసి వెంటనే సుద్దముక్క నా చేతిలో పెట్టాడు.

పబ్లిక్‌కు ముందు ప్రీ-ఫైనల్ పరీక్షలు వచ్చాయి. అసలు పరీక్షలాగే టైము పెట్టి, అదే తీరు పేపర్లతో బడిలో రాయిస్తారు. సార్ మా నాన్నను కూడా వచ్చి రాయమన్నారు. "మీకూ అలవాటవుతుంది, వచ్చి చివరి బెంచీలో కూర్చోండి," అన్నారు. నాన్న డ్యూటీ నుంచి నేరుగా, ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. బెంచీ ఆయనకు చిన్నదైంది. మోకాళ్లు పక్కకు పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లలు వెనక్కి తిరిగి చూసి నవ్వారు. ఆయన కూడా వాళ్లతో నవ్వాడు. పరీక్ష మొదలయ్యాక వెనకనుంచి ఆయన కలం గీస్తున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. నా కలం చాలాసేపు ఆగిపోయి ఉంది.

పేపర్లు ఇచ్చే రోజు కూడా నాన్న వచ్చాడు. సార్ ఒక్కొక్కరి మార్కులు పైకి చదివారు. నాకు లెక్కల్లో నూటికి పదహారు. చివర్లో నాన్న పేపర్ తీసి, "అందరూ వినండర్రా. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి రాసిన మనిషి. యాభై ఎనిమిది," అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నాన్న లేచి పేపర్ తీసుకుని, దాన్ని చూడకుండా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

దారిలో, "సార్ నా మీద దయదలిచి ఏసిండు మార్కులు," అన్నాడు.

"నీకు వస్తయి నాయినా," అన్నాను.

"నీకు గూడ వస్తయి. పబ్లిక్‌కు జర టైమున్నది కదా."

ఆ తర్వాత నాన్న కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. తనకు రానట్టు ఉండేవాడు. "గీ లెక్క నాకు తెలుస్తలేదు బిడ్డా, నువ్వు చెప్పు," అని సుద్దముక్క నాకిచ్చేవాడు. నేను తప్పు రాస్తుంటే ఆయన వేళ్లు తొడ మీద కదిలేవి. తర్వాతి లైను ఆయనకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలిసే ఉంటుంది. అయినా ఇద్దరం అలాగే కూర్చునేవాళ్లం. అమ్మ గుమ్మంలో నిలబడి చూసేది. ఆమెకు చదువు రాదు. మా ఇద్దరి ముఖాలు చూసి ఎంతవరకు వచ్చిందో తెలుసుకునేది. కొన్నాళ్లకు చూడటం మానేసి, లోపల పనేదో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

పబ్లిక్ పరీక్షలకు నాన్నకు ప్రైవేటువాళ్ల సెంటర్ పడింది, దూరం. నా సెంటర్ గచ్చిబౌలి దాటాక. నాతో రావాలని ఆయనకు ఎంత ఉన్నా కుదరలేదు. అమ్మ పని మానుకుని వచ్చింది. లెక్కల రోజు గేటు బయట గోడ నీడలో కూర్చుంది. నీడ జరిగినప్పుడల్లా తనూ జరిగిందట, పక్కన కూర్చున్న ఒకామె తర్వాత చెప్పింది. నేను బయటికి రాగానే నీళ్ల సీసా ఇచ్చింది.

"రాసినవా?"

"రాసిన."

"అన్ని రాసినవా?"

"వచ్చినయి రాసిన."

కొంగుతో నా ముఖం తుడిచింది. ఇద్దరం ఎండలో నడిచి వచ్చాం.

ఆ సాయంత్రం నాన్న కూడా పరీక్ష రాసి వచ్చాడు. ప్రశ్నపత్రం చొక్కా జేబులోంచి కనబడుతోంది. ఏది ఎలా చేశావని అడుగుతాడేమోనని భయపడ్డాను. ఆయన అడగలేదు. అన్నం తిని డ్యూటీకి వెళ్లిపోయాడు.

రిజల్ట్స్ అప్పట్లో పేపర్లో నంబర్లుగా వచ్చేవి. నాన్న పొద్దున డ్యూటీ దిగి, చౌరస్తా దగ్గర చాయ హోటల్లో పేపర్ చూశాడు. ఇంటికి ఎప్పుడూ వచ్చే వేళకు రాలేదు. వచ్చాక పేపర్ చాప మీద పరిచి నన్ను పక్కన కూర్చోమన్నాడు. నా నంబర్ ఉండాల్సిన వరుస మీద వేలు పెట్టాడు. ముందు నంబర్ ఉంది. తర్వాతి నంబర్ ఉంది. మధ్యలో నాది లేదు.

"అచ్చుల తప్పు వడ్డదేమో. బడికి వోయి అడుగుత," అన్నాడు.

"తప్పేం కాదు నాయినా."

"అడుగుతే తప్పేముంది?"

అప్పుడు అమ్మ లోపలినుంచి వచ్చింది. "మరి నీది?" అంది.

నాన్న పేపర్ మడతపెట్టడం మొదలుపెట్టాడు. అమ్మ ఇంకోసారి అడిగితే, నా వైపు చూడకుండా తల ఊపాడు. అమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వంటగదిలోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది. చాయ హోటలాయన మిఠాయి పంపాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పనుల దగ్గర కొన్ని నెలలపాటు ఇదే మాట నడిచింది: బిడ్డ ఫేల్, నాయిన పాస్. చెడ్డ మనసుతో అనలేదు వాళ్లు. నవ్వుకోవడానికి దొరికింది, అంతే. నాన్న దారి మార్చుకుని డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టాడు.

సప్లిమెంటరీకి మళ్లీ కూర్చున్నాం. ఈసారి రాసేది నేనొక్కదాన్నే. నాన్న పక్కనుండేవాడు. మళ్లీ పోయింది. ఆలోపు లెక్కల సార్‌కు బదిలీ అయింది. వెళ్లే ముందు మా ఇంటికి వచ్చి, నాతో ఏం మాట్లాడాలో తెలియక, "ఆరోగ్యం జాగ్రత్తమ్మా," అని వెళ్లారు.

ఆ ఏడాది చివర్లో నాన్న కాపలా కాసే బిల్డింగ్ తెరిచారు. సెక్యూరిటీకి సూపర్‌వైజర్లు కావాలన్నారు, పది పాసైనవాళ్లు కావాలన్నారు. వాచ్‌మన్లలో అలాంటివాడు మా నాన్న ఒక్కడే. ఆయన వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో ఎవరూ అడగనక్కర లేకపోయింది. అమ్మే ఒకరోజు కూర్చోబెట్టి చెప్పింది.

"నువ్వు వద్దంటే దానికి పాస్ వస్తదా? ఒక్కరన్న నీడపట్టుకు కూసోరి."

నాన్న ఒప్పుకున్నాడు. భుజాల మీద పట్టీలున్న చొక్కా ఇచ్చారు. ఇంట్లోకి వచ్చే ముందు ఆ చొక్కా విప్పి చేతి మీద వేసుకుని వచ్చేవాడు.

మూడోసారి కట్టమని నాన్న నన్ను అడిగినప్పుడు, "ఇగ సాలు నాయినా," అన్నాను. "నాకే మంచిగ చెప్పరాలే," అన్నాడు. అది నిజం కాదని చెప్పాలనుకున్నాను. ఆయనకంటే బాగా ఇంకెవరూ చెప్పలేరని కూడా చెప్పాలనుకున్నాను. అలా చెబితే తప్పు పట్టడానికి మిగిలేది నా ఒక్క తలే. ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఇద్దరం అక్కడితో ఆపేశాం. పరీక్షల మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి ఎండాకాలం అమ్మ తెలిసినామెతో నన్ను అదే బిల్డింగ్‌లో హౌస్‌కీపింగ్‌కు పంపింది. తడిగుడ్డతో అద్దాలు తుడవడం, నేల తుడవడం. సాయంత్రం పని దిగేటప్పుడు ఆడవాళ్లమంతా వెనక గేటు దగ్గర వరుసలో నిలబడి సంచులు తెరిచి చూపించాలి. అక్కడ చూసేది సూపర్‌వైజర్. నా వంతు వచ్చేసరికి నాన్న పక్కనున్న గార్డుకు సైగ చేసి, తను గేటు బయటికి నడిచి వెళ్లి రోడ్డు వైపు తిరిగి నిలబడేవాడు. గార్డు నా సంచిలో చెయ్యి పెట్టి, టిఫిన్ డబ్బా కదిలించి చూసి పొమ్మనేవాడు. నేను నాన్న పక్కనుంచే వెళ్లేదాన్ని. "పోతున్న నాయినా," అనేదాన్ని. "మంచిది బిడ్డా," అనేవాడు.