నూట పదమూడో ముందుమాట

మా బాబాయి బడిలో లెక్కల మాస్టారు. ఇంటికొచ్చాక కొత్త కవుల పుస్తకాలకు ముందుమాటలు రాసేవాడు. ఎవరడిగినా కాదనలేదు. అలా నూట పన్నెండు రాశాడు. సభల్లో శిల్పం గురించి గంటలకొద్దీ మాట్లాడే ఆ కవుల్లో ఒక్కరైనా, మీరేం రాస్తున్నారని ఆయన్ను అడిగిన పాపాన పోలేదు.

ఆయన పదకొండేళ్లు కూర్చుని ఒక నవల రాశాడు. దానికి ముందుమాట రాయమని, ఇప్పుడు బాగా పేరున్న ఒక కవిని అడిగాడు. ఆ కవి తొలి పుస్తకానికి ముందుమాట బాబాయిదే. ఐదు నెలలు తిప్పించుకుని, నిన్న పంపాడా మహానుభావుడు.

మొదటి పేరా చదివేసరికే బాబాయి ముఖం వాడిపోయింది.

"ఏం, తిట్టాడా?" అంది పిన్ని.

"లేదే. బాగా పొగిడాడు."

బీరువాలోంచి ఆ కవి తొలి పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. రెండు ముందుమాటలూ పక్కపక్కన పెట్టి చూశాను. పేర్లు మారాయి, 'కవితలు' అన్నచోట 'నవల' వచ్చింది. మిగతాదంతా బాబాయి రాసిందే, అక్షరం పొల్లుపోలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "సిగ్గుండాలి వాడికి! పుస్తకం తెరిచైనా చూడలేదు. ఫోన్ చేసి కడిగిపారెయ్ బాబాయ్."

"ఏ ముఖం పెట్టుకుని అడగనురా? అప్పుడు నేనూ వాడి పుస్తకం తెరవలేదు. ఏ పుస్తకానికైనా సరిపోయేలా రాసిచ్చాను." ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచాడు. "చూడు, నా నవలకీ సరిపోయింది."