యూకి పెళ్ళిలో నేను చదివిన మంత్రాలు

నా నోటిదూల ఈసారి ఏకంగా జపాన్ దాకా వెళ్ళింది. నవ్వకుండా వినండి!

మా ఆఫీసులో యూకి అని జపాన్ అమ్మాయి ఉంది. పోయిన శనివారం మా క్రైస్ట్‌చర్చ్ ఊరి పక్కనే ఓ బుల్లి చర్చిలో తన పెళ్ళి.

"నువ్వు క్రిస్టియన్ అని తెలీదే!" అన్నాను.

"కాదు. మా ఇద్దరికీ ఏ మతమూ లేదు. చర్చి అందంగా ఉంటుంది, తెల్ల గౌను వేసుకోవచ్చు. అందుకే!" అని నవ్వేసింది.

అంత తేలిగ్గా! అప్పుడే నాకు కుళ్ళు మొదలైంది.

జపాన్‌లో ఉన్న వాళ్ళ అమ్మమ్మ అంత దూరం ప్రయాణం చేయలేదట. ఆవిడ కోసం వీడియో తీయమని యూకి తన ఫోన్ నా చేతికిచ్చింది. మా ఆయనా నేనూ ముందు వరసలో కూర్చున్నాం. పాస్టర్ గారు రెండు ముక్కలు అడిగారు, వీళ్ళు రెండు ముక్కలు చెప్పారు, ఉంగరాలు మార్చుకున్నారు. పావుగంట! పెళ్ళికూతురి జుట్టు కూడా చెదరలేదు.

ఇంక ఆగలేక మా ఆయన చెవిలో అందుకున్నాను. "చూశారా, పావుగంట! మనకి నాలుగు గంటలు. ఆ పొగకి నా కాటుక గడ్డం దాకా కారింది. ఫొటోల్లో నన్ను మా అమ్మే గుర్తుపట్టలేదు. మీ మేనత్త తలంబ్రాలు సరిగ్గా కంట్లో కొట్టింది. అతను చూడండి, పెళ్ళాం మీంచి చూపు తిప్పట్లేదు. మీరేమో పీటల మీద కూర్చుని క్రికెట్ స్కోర్ అడిగారు!"

"మెల్లగానే, చేతిలో ఫోన్ ఉంది" అన్నారాయన.

"వీడియో బానే వస్తోంది లెండి!"

నిన్న లంచ్‌లో యూకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు!

"వీడియో అంతా నీ గొంతే! మా కోసం మీ ప్రార్థన చదివావు కదా? అమ్మమ్మ దణ్ణం పెట్టుకుని మరీ వింటోంది. ఏంటది?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను. "అదీ... మా పెళ్ళి మంత్రం" అని వచ్చింది.

"వచ్చే నెల టౌరంగాలో మా చెల్లి పెళ్ళి. అదీ చర్చిలోనే. పాస్టర్ గారి తర్వాత నువ్వు మైకులో చదవాలి. అమ్మమ్మ కోరిక!"

ఇంటికొచ్చి చెబితే మా ఆయన సోఫాలోంచి కిందపడి నవ్వుతున్నారు. మీలో ఎవరికైనా ఓ నాలుగు మంత్రాలొస్తే నేర్పండర్రా. నేను గుడికెళ్ళేదే పులిహోర కోసం!